మీరూ రండక్కా, రోమ్‌కి

ఆ రోజుల్లో నాకు 'వద్దు' అనడం చేతనయ్యేది కాదు. ఎవరైనా ఇంకో గరిటె వడ్డిస్తే కడుపు పట్టుకుని మరీ తినేదాన్ని. ఫోన్‌లో ఏదైనా అమ్మజూపిన వాళ్లతో కూడా ఇరవై నిమిషాలు మర్యాదగా మాట్లాడి, చివర్లో వాళ్లకే థాంక్స్ చెప్పేదాన్ని. పెళ్లై ఎనిమిది నెలలు. అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో కాపురం. ఆ ఎనిమిది నెలల్లో మా ఆయనా నేనూ ఇద్దరమే గడిపిన శని, ఆదివారాలు ఒక్కటంటే ఒక్కటి లేవంటే నమ్మండి. శనివారం ఎవరో ఒకరి పిల్లాడి బర్త్‌డే, ఆదివారం ఇంకొకరి గృహప్రవేశం, ఏమీ లేకపోతే ఇంటికో వంటకం చేసుకెళ్లి అందరూ కలిసి తినే పాట్‌లక్ (నా వాటాకి ఎప్పుడూ పెరుగన్నమే పడేది, దాన్ని చెడగొట్టడం కష్టమని అందరికీ ధైర్యం). మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. ఆయన బ్లడ్ గ్రూప్ తెలుసు, ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తెలుసు, మనిషే సరిగ్గా తెలియదు. నలుగురిలో కూర్చుని నవ్వుకుంటాం, ఇంటికొచ్చి అలిసిపోయి పడుకుంటాం, సోమవారం వచ్చేస్తుంది.

అందుకని ఒక లాంగ్ వీకెండ్‌కి రోమ్ వెళ్దామని నేనే తేల్చాను. మన వాళ్లు ఎవరూ తలుపు తట్టని ఊరు, మనల్ని 'ఏమ్మా, తిన్నారా' అని అడిగే వాళ్లు లేని వీధులు. నేను కోరుకున్నది అంతకన్నా ఏమీ లేదు. రహస్యంగా వీసాలు తెచ్చుకున్నాం, టికెట్లు బుక్ చేసుకున్నాం. "ఎవరికీ చెప్పకండి" అని మా ఆయనకి రోజుకోసారి చెప్పేదాన్ని. ఆయన బుద్ధిగా తలూపేవారు. ఆ తలూపుడు చూసి మోసపోయాను.

ఒక బర్త్‌డే పార్టీలో ప్లేట్లు పట్టుకుని లైన్‌లో నిలబడి ఉండగా, మా పైఫ్లోర్‌లో ఉండే అక్క (సొంత అక్క కాదు, వరంగల్ ఆవిడ, కాంప్లెక్స్ మొత్తానికీ అక్కే) ఊరికే అడిగింది, "లాంగ్ వీకెండ్‌కి ఏం ప్లాన్ తమ్ముడూ?" అని. అబద్ధం ఆడటం రాని మా మహానుభావుడు "రోమ్ అక్కా" అనేశారు. "అబ్బో! రోమా? మాకు చెప్పనే లేదు గదనే!" అని అక్క నా వైపు తిరిగింది. ఇక్కడ మా ఆయన్ని ఏమీ అనడానికి లేదు, అసలు ఘనకార్యం నాది. "ఇంకా అనుకుంటున్నాం అంతే అక్కా... మీరూ రండక్కా, అందరం కలిసి వెళ్తే ఎంత బాగుంటుందో!" అని నా నోటితో నేనే అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను. అక్క ఒక్క క్షణం ఆగి, "ఇంత ప్రేమతోని పిలుస్తున్నవ్, ఎట్ల రాకుంటం?" అంది. వెనకాల గులాబ్‌జామ్ కోసం నిలబడిన ఇంకో రెండు జంటలు వింటూ ఉన్నాయి. వాళ్లని పిలవకపోతే ఏం బాగుంటుందని వాళ్లనీ పిలిచాను.

పిల్లలతో కలిపి మొత్తం పదకొండు మందిమి తేలాం. వాళ్లందరికీ అమెరికా పాస్‌పోర్టులు వచ్చేసి చాలా కాలమైంది కాబట్టి వీసా అనే ఒక్క అడ్డు కూడా లేకుండా పోయింది. ఇంటికొచ్చేలోపే వాట్సాప్ గ్రూప్ తయారైంది. మర్నాటికి రైస్ కుక్కర్ ఎవరి సూట్‌కేసులో పెట్టాలనే చర్చ మొదలై మూడు రోజులు నడిచింది. శనివారం పులిహోర అక్కది, ఆదివారం చపాతీలు ఇంకొకరివి, పెరుగన్నం ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. రోమ్‌లో పెరుగు దొరుకుతుందా అని అరగంట వెతికాను కూడా. మా ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. ఆయన "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట 'వద్దు' అనొచ్చు కదా మనిషి!

ప్లాన్ బాధ్యత అక్క వాళ్లాయనది. ఆయన్ని మేమంతా ఎక్సెల్ బావగారు అనేవాళ్లం. ఇంట్లో బట్టలు ఏ రోజు ఉతకాలో కూడా ఆయనకి షీట్ ఉండేది. మూడు వారాలు రాత్రింబగళ్లు కూర్చుని రోమ్‌ని పావుగంట ముక్కలుగా కోశారు. మిగతా అందరి టికెట్లూ బుక్ చేసే ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, అందరం అక్క వాళ్ల హాల్లో చేరాం. టీవీ నిండా ఆయన షీట్. కొలోసియం యాభై నిమిషాలు. ఫౌంటెన్ తొమ్మిది నిమిషాలు (అందులో నాణేలు విసరడానికి రెండు). గ్రూప్ ఫొటో, ఆడవాళ్ల ఫొటో, పిల్లల ఫొటో, అన్నిటికీ విడివిడి గడులు. ఆదివారం నాలుగుంపావు నుంచి నాలుగున్నర దాకా 'ఫ్రీ టైమ్'. నేను మిరపకాయ బజ్జీ నములుతూ వింటున్నాను, కన్నీళ్లు దేనివల్లో ఎవరికీ అనుమానం రాలేదు. అప్పుడు బావగారు కింది గడి మీద బాణం పెట్టి, "రూమ్స్ సింపుల్ చేసిన. లేడీస్ అంతా ఒక రూమ్, జెంట్స్ అంతా ఒక రూమ్. పొద్దున లేపుడు ఈజీ అయితది" అన్నారు.

ఎలా లేచానో తెలియదు, బజ్జీ చేతిలోనే ఉంది. "అక్కా, మీరెవరూ రావడం నాకు ఇష్టం లేదు" అన్నాను. నా గొంతేనా అని నాకే అనుమానమొచ్చింది. "మేమిద్దరమే వెళ్దామనుకున్నాం. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి ఒక్క రోజు కూడా లేము. మొహమాటానికి పిలిచాను" అని గబగబా మొత్తం కక్కేశాను. మా ఆయన నోరు తెరుచుకుని నా వైపు చూస్తున్నారు. ఇక ఈ కాంప్లెక్స్‌లో మనకి నూకలు చెల్లాయి, ఇల్లు మారాలి అనుకున్నాను.

అక్క రెండు చేతులూ జోడించి పైకి చూసింది. "హమ్మయ్య! తల్లీ, ఈ ముక్క ఆ రోజే చెప్పొద్దా? ఆ సోమవారం మా పాపకి స్విమ్మింగ్ పోటీ ఉన్నది. కొత్త పెళ్లికూతురు అంత ముద్దుగ పిలిచింది, రామంటే చిన్నబుచ్చుకుంటదని దాని పోటీ బంద్ పెట్టిచ్చిన!" అంది. మిగిలిన రెండు జంటలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మేమూ మీరందరూ వెళ్తున్నారు కదా, బాగుండదని..." అని నసిగారు. తర్వాత ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు, అక్క మాత్రం నవ్వు ఆపుకోలేక సోఫాలో పడిపోయింది. మూడు వారాలుగా ఎవరికీ ఇష్టం లేని ప్రయాణానికి అందరం ఎంత శ్రద్ధగా చపాతీలు లెక్కేశామో!

నవ్వనిది బావగారొక్కరే. రిమోట్ చేతిలో పట్టుకుని టీవీ వైపు చూస్తూ, "అంటే... ఎవ్వరం పోతలేమా?" అన్నారు. ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. ఆ గుంపులో నిజంగా రోమ్ చూడాలనుకున్న మనిషి ఆయనొక్కరే. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సాయంత్రం ఆయనే కిందికి వచ్చి తలుపు తట్టారు. చేతిలో ఒక కాగితం. "మీ ఇద్దరికీ రివైజ్ చేసినమ్మా" అన్నారు. పైన వెళ్లే విమానం టైమ్, కింద తిరిగొచ్చే విమానం టైమ్. మధ్యలో ఆ మూడు రోజుల గడులన్నీ కలిపేసి ఒకటే పెద్ద గడి చేశారు. అందులో 'మీ ఇష్టం' అని రాసుంది.

ఆ 'మీ ఇష్టం' ఎంత ప్రాణం తీసిందో అక్కడికి వెళ్లాక తెలిసింది. హోటల్ ముందు నిలబడి "ఎటు వెళ్దాం?" అంటే "నీ ఇష్టం" అంటారాయన, "మీ ఇష్టం" అంటాను నేను. నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాం, ఈలోపు బావగారి లెక్కలో అయితే కొలోసియం ముప్పాతిక అయిపోయేది. ఆఖరికి నాకు విసుగొచ్చి, "నాకు కాళ్లు నొప్పులండీ, ఏ గోడలూ చూడాలని లేదు, కూర్చుని ఐస్‌క్రీమ్ తినాలని ఉంది" అన్నాను. "నాకూ అంతే" అన్నారు వెంటనే. ఒక సందు చివర రెండు కుర్చీలు దొరికాయి. సగం ఐస్‌క్రీమ్ అయ్యాక ఆయన గొంతు సవరించుకుని, "ఒకటి చెప్తే ఏమీ అనుకోవుగా? నాకు బీరకాయ కూర పడదు" అన్నారు. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు వండుతున్నాను! "మరి మొదటిసారి సూపర్ అన్నారు?" "మొదటిసారి వండావు. ఏమనను?" అన్నారు. "నాకూ పడదండీ, మీకోసమే కదా తింటున్నాను" అన్నాను. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత నవ్వాం.

నవ్వు తగ్గాక ఆయన కప్పులో చెంచా తిప్పుతూ, "ఆ రోజు పార్టీలో నువ్వు అందరినీ పిలిచినప్పుడు ఏమీ అనలేకపోయాను. నాతో ఒక్కదానివే ఉంటే నీకు బోర్ కొడుతుందేమో, అందుకే పిలిచావేమో అనుకున్నాను" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మూడు వారాలు అది మనసులో పెట్టుకుని కుక్కర్ చర్చలో కూర్చున్నారు! చీకటి పడేదాకా ఆ కుర్చీల్లోంచి లేవలేదు. రోమ్‌లో ఏం చూశారని తర్వాత ఎవరడిగినా ఫౌంటెన్ అని చెప్పేవాళ్లం. నిజానికి అది కూడా టాక్సీలోంచే చూశాం.

ఇప్పుడు మా ఇంట్లో ఆ బాధ లేదు. "ఈ పప్పేంటి ఇలా తగలడింది" అని ఆయనా, "ఆ చొక్కాలో మీరు అస్సలు బాగోలేరు" అని నేనూ రోజుకు పదిసార్లు మొహం మీదే చెప్పేసుకుంటాం. అప్పుడు బజ్జీ పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల ఇది వింటే ఎంత గర్వపడేదో. నాకు మాత్రం అప్పుడప్పుడూ, చారు తాగుతూ ఆయన తలెత్తకుండా "సూపర్" అంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది, అబద్ధమైనా సరే.