కల్లంలో వైవా

కరోనా రోజుల్లో ఇంజనీరింగ్‌లో చేరిన మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. క్లాసులో అందరం కెమెరాలు ఆపేసి పేర్లుగానే ఉండేవాళ్లం. ఒక్క అమ్మాయి మాత్రం కెమెరా ఆపేది కాదు. వాళ్లది దాచేపల్లి దగ్గర పల్లె. ఇంట్లో సిగ్నల్ అందక, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో నిలబడి పాఠం వినేది. ఏది అడిగినా ముందు గట్టిగా తుమ్మి, "సారీ సార్, ఘాటు" అని, అప్పుడు జవాబు చెప్పేది.

వైవాకి వేరే కాలేజీ నుంచి ఒక కఠినమైన ఎగ్జామినర్ గారు ఆన్‌లైన్‌లోకి వచ్చారు. మేమంతా మా వంతు కోసం చూస్తున్నాం. ఆ అమ్మాయి ట్రాన్స్‌ఫార్మర్ గురించి సగం చెప్పిందో లేదో, చినుకులు మొదలయ్యాయి.

"సార్, వానండీ! ఇప్పుడే వస్తా!"

ఫోను బస్తాకి ఆనించి పరుగెత్తింది. ఏడాది పంటంతా నేల మీదే ఉంది. తండ్రీ కూతురూ పట్టాలు లాగుతుంటే మేం ఫోన్లలో చూస్తున్నాం. ఉన్నట్టుండి ఎగ్జామినర్ గారు అరిచారు.

"అమ్మాయ్, ఆ మూల పట్టా లేచిపోతోంది! రాయి పెట్టు, రాయి!"

"ఎవరయ్యా అదీ? పెడుతున్నాంగా!" అన్నాడు వాళ్ల నాన్న, ఫోను వైపు చూడకుండానే.

ఆమె తడిసి ముద్దయి వచ్చింది. "కాయ తడవలేదు సార్."

"చాలమ్మా, వెళ్లి తల తుడుచుకో."

"లేదండీ, ఇంకా సగం ఉంది" అని మొత్తం చెప్పాకే వెళ్లింది.

కాలేజీ తెరిచిన రోజు, ఎవరు ఎవరో తెలియక అందరం బిగుసుకుని కూర్చున్నాం. ఆమె గుమ్మంలో కనబడగానే క్లాసంతా లేచి చుట్టూ మూగాం. ఆమె బిత్తరపోయి మా ముఖాలన్నీ చూసింది.

"ఎవర్రా మీరంతా?"