పేరు రాయని గౌరవం

మా పెద్దమ్మ కాలేజీ పరిశోధన పత్రికకు ఆఫీసు పని చూసేది. అక్కడి లెక్చరర్లు కూడా ఆవిడని పెద్దమ్మగారనే పిలిచేవాళ్లు. చరిత్ర, భాష, సమాజం మీద వ్యాసాలు వేసే పత్రిక అది. మెట్ల కింద ఇరుకు గది, ఒకటే ఫ్యాను. దాన్ని కూడా ప్రూఫులు దిద్దుకునే సంపాదకుడి వైపు తిప్పేసి, తను చెంగుతో విసురుకునేది. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోనిదే ఒక్క కవరూ చింపేది కాదు.

ఒకనాడు కొత్త ప్రిన్సిపాల్ సంపాదకుణ్ణీ పెద్దమ్మనీ పిలిపించి, మీ వ్యాసాలను ఎవరైనా తమ రాతల్లో ఉదహరిస్తున్నారా, లేకపోతే వచ్చే ఏడు పత్రిక ఆపేద్దాం అన్నాడు. ఇద్దరూ పాత సంచికలు ముందేసుకుని, వ్యాసాల చివర ఉండే ఆధారాలన్నీ తిరగేశారు. రాసేది ఇక్కడి పంతుళ్లే. చూపించేవి మాత్రం ఎక్కడెక్కడి పుస్తకాలో. సొంత పత్రిక ఊసే లేదు. వాళ్లందరికీ పాఠం చెప్పిన సంపాదకుడి పేరైనా లేదు. పాపం, ఆయన మొహం చిన్నబోయింది.

అది చూడలేక పెద్దమ్మ వ్యాసాల లోపలికి వెళ్లి చదివింది. అడుగడుగునా “మా గురువుగారు అన్నట్టు”, “పెద్దలు ఇదివరకే చెప్పినట్టు”. శిష్యులంతా భక్తి కొద్దీ పేరు రాయడం మానేశారు. పేరు లేనిది లెక్కకెలా వస్తుంది?

“మీ మీద గౌరవమే మన కొంప ముంచుతోంది మాస్టారూ,” అంది.

“నా పేరు రాయండర్రా అని నేనెలా అడిగేది తల్లీ?”

“మీరెందుకూ? నేను లేనూ?”

అందరికీ ఫోను చేసింది. లేనిది రాయమనలేదు, తీసుకున్నది ఎవరిదో, ఏ సంచికలోదో రాయమంది, అంతే. ఒక లెక్చరరు నసిగాడు.

“గురువుగారిని పేరు పెట్టి ఎలా అనను పెద్దమ్మగారూ?”

“నోటితో అనకు నాయనా. అడుగున చిన్న అక్షరాల్లో రాసి, మనసులో దండం పెట్టుకో.”

కొత్త సంచికలో పేర్లు బారులు తీరాయి. ప్రిన్సిపాల్ చూసి, అంతా ఇంటివాళ్లే కదా, బయటివాళ్లేరీ అన్నాడు. పెద్దమ్మ దాచలేదు.

“నిజమే బాబూ. మనవాళ్ల మాట మనమే చెప్పుకోకపోతే పొరుగువాళ్ల చెవినెలా పడుతుంది?”

ఆయన నవ్వేసి, ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు. భగవంతుడు అలాగే మెత్తగా దారి చూపిస్తాడు.

తర్వాతి సంచిక ప్రూఫుల్లో ఒక వ్యాసం చివర “మా పెద్దమ్మగారికి కృతజ్ఞతలు” అని ఉంది. సంపాదకుడు ఆ మాట కొట్టేసి, ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. లేచి ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు.