చింతమొద్దు మీద లక్కపిడత

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ప్రహరీ గోడ ఉంది గానీ, ఒకచోట మాత్రం గోడకు బదులు చింతమొద్దు ఉంటుంది. చెట్టును ఎప్పుడో కొట్టేశారు. మొద్దు సరిగ్గా హద్దు మీద మిగిలింది. దాన్ని తవ్వి తీయించే పని మీదంటే మీదని మాకు ముందున్నవాళ్లూ పక్కింటివాళ్లూ వాదులాడుకుంటుంటే, విసుగెత్తిన మేస్త్రీ దానికి అటూ ఇటూ గోడ లేపి చేతులు దులుపుకున్నాడట. అటువైపు వాళ్ల గేదెల కొట్టం. మొద్దుకు అడ్డంగా ఒక రేకు నిలబెట్టుకున్నారు. ఇటువైపు మా కుళాయి, వంటింటి మెట్టు.

ఆ ఏడు వానలు మొదలైన నెలకి, ఒక ఆదివారం చెప్పులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్తే మొద్దు అడుగున అది కనపడింది. పుట్టగొడుగే, కానీ గొడుగులా లేదు. గూట్లో పెట్టిన అరలా చెక్కలోంచి బయటికి వచ్చి ఉంది, నా అరచేయంత. నడుమ ముదురు ఎరుపు, అంచుకు వచ్చేసరికి పసుపు, చిట్టచివర సన్నటి తెల్ల గీత. దాని మెరుపు ఎలా చెప్పాలో తెలియదు. ఎవరో అప్పుడే వార్నిష్ పూసి వెళ్లినట్టుంది. గోటితో కొడితే టక్కుమంది. చేత్తో తడిమితే పొడైపోయేంత కుళ్లిన చెక్కకు ఇంత నిగనిగలాడే పిల్ల ఎలా పుట్టిందా అని చెప్పులు మర్చిపోయి అక్కడే గొంతుక్కూర్చున్నాను.

అమ్మ వచ్చి నా భుజం మీదుగా చూసింది. "ఒసే, లక్కపిడతలా ఉందే!" అంది. చిన్నప్పుడు గోదావరి వైపు మా ఊరి తీర్థంలో నాకు ఆడుకోవడానికి కొనిచ్చిన లక్కపిడతలు ఆమెకూ గుర్తున్నాయన్నమాట. ఆ వెంటనే, "పురుగూ పుట్రా చేరతాయి, పారతో లేపేసి అవతల పారేస్తాను" అంది. నేను వద్దన్నాను. మామూలుగా కాదు, పోట్లాడినట్టే వద్దన్నాను. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఆదిభట్ల పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషిని. పెరట్లో నా కళ్లకంటూ ఒక అందమైన వస్తువు ఉండకూడదా అన్నాను. ఆ మాట అన్నది నేనే అని తర్వాత చాలాసార్లు నన్ను నేను తిట్టుకున్నాను.

నాన్న పోయాక అమ్మకు నాలుగింటికి మించి నిద్ర పట్టదు. లేచి, దేవుడి నామాలు చదువుకుంటూ వాకిట్లో కళ్ళాపి చల్లి, పెరడంతా బకెట్లతో కడుగుతుంది. ఆ రోజు నుంచి ఆఖరి చెంబు ఆ పుట్టగొడుగు మీద పోయడం మొదలుపెట్టింది. నేను బస్సు కోసం పరిగెడుతుంటే, "నీ పిడతకి తలంటేశాను, చూసి పో" అనేది. చూసేదాన్ని. రోజూ తళతళలాడుతూ ఉండేది. కొన్నాళ్లకు దాని పైన ఇంకో రెండు మొలిచాయి.

పక్కింటివాళ్లు తరతరాలుగా ఈ ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్నవాళ్లు. ఇంటాయనను అన్న అనీ ఆయన భార్యను అక్క అనీ పిలుస్తాను. ఆరేళ్లుగా వాళ్ల గేదె పాలు మాకు, మా అమ్మ ఆవకాయ వాళ్లకు. శ్రావణంలో ఒక ఆదివారం అక్క గోడ మీదుగా నన్ను పిలిచి వేలు చూపించింది. వేలికి కాఫీపొడి లాంటిది అంటుకుని ఉంది, కానీ అంతకంటే మెత్తన.

"చెల్లె, మీ ఇంట్ల గిసువంటి పొడి పడ్తుందా? మాకు దినాం పడ్తది. కొట్టంల, కుడితి గోలెం మీద, ఆరేసిన బట్టల మీద. ఊడుస్త, తెల్లారేసరికి మళ్ల ఉంటది."

"మా ఇంట్లో ఏం లేదక్కా" అన్నాను. చూసిందే చెప్పాను. అక్క నా ముఖం వైపు ఒక క్షణం ఎక్కువ చూసి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి వారం వాళ్ల గేదె చేపడం మానేసింది. దూడను వదిలినా కాలు ఎత్తి తన్నేది. మాకు పాలు ఆగిపోయాయి. ఆ పైవారం అక్కకు జ్వరం పట్టుకుంది, దవాఖానకు తీసుకెళ్లి తెచ్చినా తగ్గలేదు. అమ్మ పలకరించడానికి వెళ్తే లోపలికి రమ్మనలేదు. మర్నాడు మా గేటు లోపల మేం ఇచ్చిన ఆవకాయ జాడీ కనపడింది. మూతకు కట్టిన గుడ్డ అమ్మ కట్టిన ముడితోనే ఉంది.

శుక్రవారం సాయంత్రం నేను బస్సు దిగేసరికి అన్న మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు చెల్లె. మీ అమ్మ తెల్లారకముందే గోడకాడ ఏం జేస్తది?"

"కళ్ళాపి చల్లుతుందన్నా."

"సాంపి వాకిట్ల చల్లుతరు గని గోడకాడ చల్లుతరా? నోట్ల ఏందో సదువుకుంట చెంబుతోని పోస్తదట. మావోళ్లు చూసిండ్రు." ఆయన గొంతు తగ్గించాడు. "కందుకూరు అవతలికెంచి ఒక మంత్రాలాయనను తోల్కొచ్చిండ్రు. గిది బాణామతి అన్నడు. తూర్పు దిక్కున, మొగడు లేని ఆడిది అన్నడు. ఆదివారం వచ్చి పేరు చెప్తడట. నేనైతే నమ్మలే. గని మా పాలోళ్లు, దాయాదులు ఊకుంటలేరు. మీ అమ్మను జర బయటికి రాకుండ చూస్కో."

వాళ్లింటికి తూర్పున ఉన్నది మా ఇల్లే.

బాణామతి, చేతబడి అంటూ ఆడవాళ్లకు ఏం చేస్తారో పేపర్లో లోపలి పేజీల్లో చదివినదాన్నే. స్తంభానికి కట్టేస్తారు. మంత్రం సరిగ్గా పలక్కుండా పళ్లు ఊడగొడతారు. అలాంటి వార్త చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేసిన మనిషిని. ఇంట్లోకి వెళ్లేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని జంతికలు నములుతోంది. అరవై దాటినా ఒక్క పన్ను కదల్లేదని ఆమెకు గర్వం. ఆ కరకర చప్పుడు వినలేక చెవులు మూసుకోబోయాను.

చెప్పక తప్పలేదు. చెప్పాను. అమ్మ చేతిలో సగం కొరికిన జంతికను డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఆరేళ్లు నా చేతి పచ్చడి తిన్నారే" అంది.

పోలీసులకు చెబుదామన్నాను. "చెప్పిన మర్నాడు మనం ఉండాల్సింది ఈ గోడ పక్కనే కదా" అంది. రాజమండ్రిలో పిన్ని ఇంటికి వెళ్లిపొమ్మన్నాను. "వెళ్తే నేనే చేశానని ఒప్పుకున్నట్టు" అంది. ఆమె అన్న రెండు మాటలూ నిజమే. నిజమైన మాటలు రెండున్నా చేయడానికి ఒక్క పనీ లేకపోవడమంత భయం ఇంకోటి లేదు. శనివారం అమ్మ గడప దాటలేదు. కళ్ళాపి లేదు, పెరడు కడగలేదు. వీధిలో బండి ఆగిన ప్రతిసారీ నేను వెళ్లి గేటు గొళ్లెం చూసి వచ్చాను.

ఆదివారం పొద్దున ఏడింటికి వంటింటి తలుపు తీశాను. మెట్టు మీద గోధుమరంగు పొడి పరుచుకుని ఉంది.

ఇక్కడ అబద్ధం చెప్పను. ఇంజనీరింగ్ చదివాను, మనుషులను గాల్లో మోసుకెళ్లే యంత్రాల విడిభాగాలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. ఆ పొడి చూడగానే నాకు తోచిన మొదటి మాట, మాకూ చేశారు. అడుగు వేస్తే ఏమవుతుందోనని మెట్టు తొక్కకుండా పక్కనుంచి దిగాను. దిగి కుళాయి గట్టు పట్టుకుంటే అక్కడా అదే పొడి. గట్టు వెనక నా లక్కపిడతలకు మెరుపు లేదు. మూడూ మట్టి పూసినట్టు గోధుమరంగులో ఉన్నాయి. చచ్చిపోయాయి, మూడూ చచ్చిపోయాయి అనుకుంటూ పైదాన్ని బొటనవేలితో రుద్దాను.

వేలి కింద ఎర్రటి మెరుపు బయటపడింది. వేలికి పొడి అంటింది. పుట్టగొడుగు అడుగున చేత్తో కొట్టాను. పొగలా పొడి లేచి, మొద్దు పక్క సందులోంచి రేకు కిందుగా కొట్టంలోకి పోయింది.

నేను రోజూ చూసి మురిసిన మెరుపు దాని సొంతమే. కానీ దాన్ని రోజూ కడిగింది అమ్మ. ఆమె కడగడం వల్ల మా పెరట్లో పొడి నిలవలేదు. నిలవలేదు కాబట్టే దొంగల్లా కనపడ్డాం. ఇంత చిన్న సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదని తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, కానీ అంత తీరిక లేదు. అవతల ప్లాస్టిక్ కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినపడుతోంది.

చెప్పుల్లేకుండానే వాళ్ల వాకిట్లోకి పరిగెత్తాను. పదిమంది మగవాళ్లు ఉన్నారు. "అన్నా, ఆ రేకు తీయండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. "తీయండన్నా, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. అన్న లేచి రేకు పక్కకు లాగాడు. రేకు వెనక పొడి వేలి మందాన పేరుకుని ఉంది. నేను మొద్దు పక్క సందులోంచి చెయ్యి దూర్చి పుట్టగొడుగును కొట్టాను. అందరి ముందూ పొడి లేచింది. మళ్లీ కొట్టాను, మళ్లీ లేచింది. వద్దనే దాకా కొడుతూనే ఉన్నాను.

అన్న తువ్వాలుతో తుడిచి వాసన చూశాడు. "గీ కుక్కగొడుగు పొడా!" అన్నాడు. వాళ్లలో ఒక ముసలాయన, "మొద్దుకు బట్టిన బూజు, మీ కండ్లు దొబ్బినయా" అని తిట్టాడు. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న అక్క మాత్రం, "మరి బర్రెకేమయింది?" అంది.

"నాకు తెలీదక్కా. పశువుల డాక్టర్‌ను పిలవండి" అన్నాను. నిజంగానే తెలియదు.

అన్న ఫోన్ తీసి కందుకూరు ఆయనను రావద్దన్నాడు. ఆ పూటే నేను పారతో మూడింటినీ పెకలించాను. విరిస్తే లోపల బెండులా ఉంది. ఆ మెరుపంతా పైపొరదే. మొద్దు మీద పిడికెడు సున్నం కొట్టాను. పది రోజులకు డాక్టర్ మందుతో గేదె చేపింది, అక్క జ్వరం తగ్గింది, గిన్నెతో పాలు వచ్చాయి. "మనసుల పెట్టుకోకు పెద్దమ్మా" అని అక్క అమ్మ చేతులు పట్టుకుంది. "అయ్యో, లేదమ్మా" అని అమ్మ నవ్వింది. ఆవకాయ జాడీ మళ్లీ వెళ్లింది.

అమ్మ ఇప్పటికీ నాలుగింటికే లేస్తుంది. బకెట్ నింపుకుని మూసిన తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. బాగా తెల్లవారి, పక్కింట్లో అక్క బయటికి వచ్చిన చప్పుడయ్యాక, "అమ్మాయ్, నేను కళ్ళాపి చల్లుతున్నానమ్మా" అని గట్టిగా కేకేసి అప్పుడు తలుపు తీస్తుంది. నామాలు మానలేదు. పెదవులు కదలకుండా చదువుకుంటుంది.