సిరిసిల్లకు వచ్చిన వేరేవాళ్ల పెట్టె

బుధవారం, ఉదయం ఏడు గంటలు, జగిత్యాల.
శ్రీకాంత్ పంపే పేపర్ల కోసం ఎదురుచూస్తున్న ఇల్లు ఒకటి ఉంది. అందుకే ఏడుపు పక్కన పెట్టి ఈరోజే మీ అందరికీ రాస్తున్నాను.

నిన్న పొద్దున కోరుట్ల దగ్గర శ్రీకాంత్ బైక్‌ను లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

ఫోన్ చేసినవాళ్లను "ఏ శ్రీకాంత్?" అని మూడుసార్లు అడిగాను.
నాకు తెలిసిన శ్రీకాంత్ ఒక్కడే.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే కుటుంబం. నా దగ్గర లెక్కలు చదివాడు. కోరుట్లలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. సాంచాలు ఆగిన ఏడాది వాళ్లన్న గల్ఫ్ పోయి, శవపెట్టెలో తిరిగొచ్చాడు.

ఆ పెట్టె తెప్పించడానికి శ్రీకాంత్ కంప్యూటర్‌లో ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాసుకున్నాడు. ఎంబసీకి, ఎయిర్‌పోర్టుకు, అంబులెన్స్‌కు లెటర్లు అదే తయారుచేస్తుంది.

చూసి అన్నాను: "అన్న పేరు, ఊరు అన్నీ లోపలే రాసిపెట్టినవ్. ఒక్క లెక్కకే పనికొచ్చేది సూత్రమెట్లయితదిరా? వివరాలు బయటినుంచి తీసుకొని, ఎవరివిస్తే వాళ్ల లెటర్లు చేసే సబ్‌రూటీన్ చెయ్యి. పదిమందికి పనికొస్తది."

"రిటైరైనా హోంవర్క్ ఇడ్వరు గదా మేడం," అన్నాడు.

వారంలో చేసి తెచ్చాడు. నేనే చెక్ చేశాను. బాగుందన్నాను.

పేరు మారుతోంది. పాస్‌పోర్ట్ నంబర్ మారుతోంది.
అంబులెన్స్ లెటర్‌లో అడ్రస్ మాత్రం శ్రీకాంత్ వాళ్లింటిదే ఉండిపోయింది.

గల్ఫ్‌లో పోయిన సారంగాపూర్ మనిషి పెట్టె సిరిసిల్లలో వీళ్ల ఇంటి ముందు దిగింది.

శ్రీకాంత్ తల్లి బయటికొచ్చి చూసిందట.
"ఒకపారి అచ్చిండు గదరా నా కొడుకు. మల్లెందుకు తెచ్చిండ్రు?"

శ్రీకాంత్ అదే అంబులెన్స్‌లో సారంగాపూర్ పోయి, పొద్దటి నుంచి వాకిట్లో నిలబడ్డ ఆ మనిషి భార్య కాళ్లు పట్టుకున్నాడు.
తప్పులో సగం నాది. నేను పోలేదు.

మర్నాడే సరిచేశాడు. ఆ తర్వాత పదకొండు మంది ఎవరింటికి వాళ్లు చేరారు. పేర్లు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ఇప్పుడు జరగాల్సినవి:

1. మేడిపల్లి లక్ష్మి భర్త శవం గల్ఫ్ మార్చురీలో ఉంది. లెటర్లు ఈరోజు పన్నెండులోపు పోవాలి. శ్రీకాంత్ ఇచ్చిన స్క్రిప్ట్ కాపీ నా మనుమరాలి ల్యాప్‌టాప్‌లో ఉంది. నేనే పంపుతాను.

2. లక్ష్మీ, ఫోన్ చేతిలోనే పెట్టుకో. ఊరు, వాడ, ఇంటి నంబర్ నీకు చదివి వినిపిస్తాను. నువ్వు అవునంటేనే పంపుతాను.

3. సిరిసిల్లలో ఉన్నవాళ్లు ఇప్పుడే శ్రీకాంత్ తల్లి దగ్గరికి పోండి. దహనం పదకొండుకు. ఈ లెటర్లు పంపి బయల్దేరితే నేను అందను.

4. శ్రీకాంత్, నీ పని ఆగొద్దనే రావట్లేదు. ఇక నెమ్మదిగా పడుకో కొడుకా.