కొట్టు ముందు నిప్పుతాడు

సత్తిరాజు చుట్ట మానలేకపోయాడంటే నేను ఒప్పుకోను. మానితే ఊరేమనుకుంటుందోనని కాల్చాడు. అంత తెలివితక్కువ మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మస్కట్‌లో ఏసీలు బిగించేవాడు. రెండువేల నాలుగులో సెలవుకొచ్చి, తిరిగి వెళ్ళడానికి వీసా మెడికల్‌కి వెళ్తే రక్తంలో హెచ్ఐవి ఉందన్నారు. ఊళ్ళోకొచ్చి, మస్కట్ సేఠుతో గొడవపడి పని వదిలేశానని కోతలు కోశాడు. ఇంటికొకడు గల్ఫులో ఉన్న కోనసీమలో మెడికల్ తప్పినవాణ్ణి పసిగట్టలేరా? ఆ మాత్రం ఇంగితం లేదు మహానుభావుడికి.

భార్య ఇందిరకీ అంటించాడు. ఆ పిల్లది మా పక్కిల్లే, నన్ను వదినగారూ అంటుంది. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. వాడపల్లి వెంకన్న దర్శనానికని నలుగురికీ చెప్పి, ఇద్దరూ కాకినాడ ఆసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకునేవారు. దేవుణ్ణి కూడా అబద్ధంలోకి లాగాడు.

అతనికి అప్పటికే ఒకసారి క్షయ వచ్చి తగ్గింది. "చుట్ట మానకపోతే ఈ మందులు నిన్ను కాపాడలేవు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇందిర బతిమాలింది, తిట్టింది, చుట్టలు దాచేసింది.

"మానేస్తే ఎందుకు మానేసేవని అడగరేంటే? డాక్టరు చెప్పేరనాలా? ఏ డాక్టరు, ఏం రోగం అంటారు. నువ్వూరుకో" అనేవాడు.

మా మగాళ్ళ సంగతి చెప్పాలి. పొద్దున్నే ఆనందరావు కిళ్ళీకొట్టు ముందు చేరి, ఒకరి చుట్టకి ఇంకొకరు చుట్ట ఆనించి నిప్పు పుచ్చుకుంటారు. జేబులో అగ్గిపెట్టె ఉన్నా సరే, పక్కవాణ్ణి అడిగితేనే మర్యాద. సత్తిరాజు మస్కట్ నుంచి వచ్చేసిన ఏడాదే ఆనందరావు కొట్టు గుంజకి కొబ్బరితాడు కట్టి, దాని చివర నిప్పు రాజేసి ఉంచడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి అందరూ ఆ తాడు దగ్గరే ముట్టించుకునేవారు.

"మంచి సదుపాయం చేసేడే ఆనందరావు!" అని సత్తిరాజు ఇంటికొచ్చి మెచ్చుకునేవాడట. రోజూ అందరికంటే ముందు వెళ్ళి, అందరికంటే ఎక్కువ కాల్చి, దగ్గు తన్నుకొస్తే గుటకేసి మింగేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకుని మురిసిపోయేవాడు.

రెండువేల ఏడు వానాకాలంలో ఊపిరందక పోయాడు. అదే రోగం, అవే మందులు. పొగ ముట్టని ఇందిర మాత్రం నిలబడింది.

దినకార్యాలు అయ్యాక ఉప్పూ పప్పూ కొనడానికి ఇందిర మొదటిసారి వీధిలోకొస్తే తోడు వెళ్ళాను. ఆనందరావు కొట్టు గుంజకి తాడు లేదు. బెంచీ మీద మా ఆయనా, ధర్మరాజుగారూ, ఇంకో ఇద్దరూ చుట్టలు కాలుస్తున్నారు.

"తాడు తీసేసేరేంటండీ?" అంది ఇందిర.

"ఇంకెందుకమ్మా, ఆయన పోయేరు కదా" అనేసి ఆనందరావు నాలిక్కరుచుకున్నాడు.

ఇందిర అతని వైపు తిరిగింది. "అంటే ఆయన జబ్బు సంగతి మీకు ముందే తెలుసాండీ?"

"ఆయ్... మెడికల్ తప్పినప్పుడే తెల్సిందమ్మా. ఆయన చుట్టకి చుట్ట ఆనించాలంటే భయం. వద్దని ముఖమ్మీద చెప్తే మర్యాదగా ఉండదు కదండీ. అందుకని తాడు కట్టేను."

నిప్పుతో రోగం అంటుకుంటుందనుకున్న మేధావులు! నా మొగుడూ అందులో ఒకడు, మూడేళ్ళు నా దగ్గర కూడా నోరు విప్పలేదు. నాకు అసహ్యం వేసింది.

"ఆ ముక్క మీలో ఒక్కరు ఆయనతో అనుంటే చుట్ట మానేసుండేవారండీ. మీకు తెలీకూడదనే కాల్చేరు" అంది ఇందిర.

ఈలోగా మా ఆయన చుట్ట ఆరిపోయింది. ధర్మరాజుగారు తన చుట్ట ముందుకు చాచి, "పుచ్చుకోండి" అన్నారు.

మా ఆయన వంగి పుచ్చుకున్నాడు.