మావారి చెవుల పరీక్ష

మావారు కార్ల కంపెనీలో మెకానికల్ ఇంజనీరు. ఇంజన్లు తయారుచేస్తారు కాబోలనుకుని పెళ్ళిలో మావాళ్ళంతా తెగ పొంగిపోయారు. తీరా చూస్తే ఆయన పని చప్పుళ్ళు వెతకడం. కొత్త మోడల్ బజారులోకి రాకముందే దాన్ని గతుకుల దారిలో తిప్పి, ఎక్కడ కిర్రుమంటోందో పట్టుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఉద్యోగం. పక్కగదిలో డబ్బా మూత వదులైనా వినపడుతుంది గానీ, వంటింట్లోంచి నేను గొంతు చించుకున్నా వినపడదు.

ఆయనకో పాడలవాటుంది. ఏది విప్పినా స్క్రూ చొక్కా జేబులో వేసుకుంటారు. అందులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఎప్పుడూ ఉండాల్సిందే. పొద్దున్నే విడిచిన చొక్కా జేబులో సరుకంతా గుప్పిట పట్టి, చూడనైనా చూడకుండా తొడుక్కున్న చొక్కా జేబులోకి మారుస్తారు. "ఏముందో చూసుకోండి" అంటే, "నా జేబు జోలికి రాకు" అంటారు. మనకెందుకులే అని ఊరుకున్నాను.

ఈ ఏడాది కొత్త మోడల్ దగ్గర వచ్చింది తంటా. డ్రైవరు సీటు దగ్గర టిక్కుటిక్కుమంటోంది, బండి బాగుందని సంతకం పెట్టనన్నారు ఈయన. మిగతావాళ్ళు నడిపితే ఏమీ లేదు. ఈయన ఎక్కితే ఉంది. రెండు వారాలు సీటు పీకారు, తలుపు పీకారు. చివరికి మేనేజరు, "ముందు చెవులు డాక్టరుకి చూపించుకోండి. తేడా ఉంటే బండ్లు వదిలేసి ఫైళ్ళ సెక్షన్లో కూర్చుందురుగాని" అన్నాడట.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కదల్లేదు. "చెవులు పోతే నేనింక దేనికి పనికొస్తానే?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. పైకి మాత్రం ముందు తినమని కసిరాను.

మర్నాడు మా కార్లోనే డాక్టరు దగ్గరికి బయల్దేరాం. స్పీడు బ్రేకరు దాటగానే ఆయన మొహం పాలిపోయింది. "ఇందులోనూ అదే చప్పుడే. బండిలో కాదు, నా బుర్రలోనే ఉంది."

నాకు ఒళ్ళు మండింది. బండి ఆపించి, ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. స్కేలుతో పాటు చిటికెన వేలి గోరంత స్క్రూ వచ్చింది. రెండూ ఆయన చెవి దగ్గర ఆడించాను. టిక్కుమంది.

ఇద్దరం పగలబడి నవ్వాం. నాకైతే కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. అంతలో ఆయన స్క్రూని వెలుతురులో పెట్టి చూసి, నవ్వు ఆపేశారు. "ఇది ఆ కొత్త బండిదే. మొదటిరోజు స్టీరింగు కింద మూత విప్పాను. ఒకటి బిగించడం మర్చిపోయాను."

"గుట్టుగా బిగించేసి రండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"సంతకం పెట్టేది నేనే కదే" అని, బండి డాక్టరు దగ్గరికి కాకుండా ఫ్యాక్టరీకి తిప్పారు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశారు. చప్పుడు వచ్చిన చోటు: ఇంజనీరు చొక్కా జేబు. లోపం: బండిలో ఒక స్క్రూ తక్కువ. కారణం: అదే ఇంజనీరు. మేనేజరు రెండుసార్లు చదివి, "మీ చెవులు దివ్యంగా ఉన్నాయండీ. చేతులే చూపించుకోవాలి" అన్నాడట. ఫైళ్ళ సెక్షన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడక్కడ టెస్టు బండి ఎక్కేవాళ్ళంతా ముందు జేబులు ఓ పళ్ళెంలో ఖాళీ చెయ్యాలి. ఇంట్లో ఆ తనిఖీ నాది, రోజూ గుమ్మం దగ్గరే. నిన్న రెండు స్క్రూలు దొరికాయి. ఏ బండివండీ అని అడిగితే, వినపడనట్టు వెళ్ళిపోయారు.