రెండు వేళ్ళంత కోత

మా మేనత్త అనంతమ్మ చిరాగ్‌పల్లిలో ఇరవై రెండేళ్ళు కాన్పులు చేసింది. నేల మీద గొంతుక్కూర్చుని, నడుము వంచి, ఒక్కోసారి పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అలాగే ఉండేది. నలభై ఐదు దాటాక నడుములో మొదలైన నొప్పి ఎడమ పిక్క దాకా దిగింది. వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకుంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చింది. 1987 వేసవిలో ఒకరోజు కిరాణా దుకాణం నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియనేలేదు. మామ శరణప్పకు అప్పుడు భయం పట్టుకుంది.

హైదరాబాదు డాక్టరు చూసి, వెన్నుపూసల మధ్య డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. వెన్ను ఆపరేషన్ అంటే వీపు నిలువునా చీలుస్తారని మా వాళ్ళందరికీ హడలు.

"పెద్ద కోత అక్కర్లేదమ్మా. మైక్రోస్కోపులో చూస్తూ రెండు వేళ్ళంత సందులోంచి తీసేస్తా" అన్నాడాయన.

అన్నట్టే చేశాడు. కాలు లాగడం మర్నాటికే తగ్గింది. పాదం మాత్రం పైకి లేవలేదు. నరం చాలాకాలం నలిగిందనీ, బలం రావచ్చు, రాకపోవచ్చు అనీ చెప్పాడు. ఆరు వారాలు వంగొద్దు, నేల మీద కూర్చోవద్దు, తనంతట తాను లేవొద్దు అని పంపించాడు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. చూడవచ్చిన ఆడవాళ్ళు చీర పక్కకు తీసి పట్టీ చూసేవారు.

"గింతేనా? కాన్పైనోళ్ళు మూడోనాడు లేస్తరు. గీ గాయానికి నెలల కొద్ది పంటవా అనంతమ్మా?"

ఆ కాన్పైనవాళ్ళను మూడోనాడు లేపి నడిపించింది అత్తే మరి. ఇప్పుడు తాను పక్కకు తిరగాలన్నా ఇద్దరు కావాలి. ఒకరు భుజం, ఒకరు తుంటి పట్టుకుని మొద్దును దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి. మామ విత్తనాల దుకాణంలో గుమాస్తా. జహీరాబాద్ బస్సెక్కే ముందు పక్కింటి గిరిజమ్మను పిలిచి ఆ పని చేసేవాడు. బెడ్‌పాన్ కూడా ఆయనే తీసేవాడు. అప్పుడు అత్త కొంగు మొహం మీదికి లాక్కుని ఏడ్చేది.

"ఎందుకే ఏడుస్తవ్? నా చేతులేమన్న అరుగుతయా?"

"జర తిట్టయ్యా. నువ్వు తిడితే నాకు నయముంటది."

మామ తిట్టలేదు. పాన్ కడిగి ఎండలో బోర్లించి వెళ్ళిపోయేవాడు.

మూడో వారంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, గిరిజమ్మ కూతురు సునందకు నొప్పులొచ్చాయి. రెండో కాన్పుకు పుట్టింటికొచ్చిన పిల్ల. జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోదామనుకున్నారు, కానీ లెక్కకు పదిరోజుల ముందే మొదలయ్యాయి. జీపు కోసం మనిషి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఈలోగా ఉమ్మనీరు పోయింది. గిరిజమ్మ కూతుర్ని పట్టుకుని అత్త ఇంటికే నడిపించుకొచ్చింది.

"అక్కా, నీ ముందల్నే పండవెడ్త. నువ్వు జెప్పు, నేను జేస్త."

"నేను లేవలేనే గిరిజా!"

"నోరన్న ఉన్నది గద!"

అత్త పడుకున్న చెక్కబల్ల పక్కనే, నేల మీద చాప వేశారు. వెల్లకిలా ఉన్న అత్తకు పైకప్పు రేకులు తప్ప ఏమీ కనిపించలేదు. చెవులతోనే చూసింది. సునంద ఊపిరి మారగానే "ఇగ ముక్కు బిడ్డా, ఇప్పుడు ముక్కు" అంది.

"తల వచ్చిందక్కా!" అంది గిరిజమ్మ. వెంటనే అరిచింది. "మెడకు పేగు సుట్టుకున్నది! మొకం నల్లవడ్తున్నదక్కా!"

"గుంజకు! పేగు కింద వేలు దూర్చు. జర వదులు జేసి తల మీంచి తియ్యి."

"వస్తలేదు! వేలు దూరుతలేదక్కా!"

అత్త బల్ల అంచు పట్టుకుని దొర్లింది. నేలకు ఆనగానే ఎడమ పాదం మడతపడింది. బోర్లా పడిపోయింది. చెయ్యి చాపితే చాప అంచు అందింది, అంతకు మించి అందలేదు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన చేతులకు బిడ్డ మూరెడు దూరంలో ఉంది. "ఆ మూరెడు జరగలేకపోయిన" అని చాలా ఏళ్ళ తర్వాత నాతో ఒక్కసారి అంది. మిగతాదంతా నాకు గిరిజమ్మ చెప్పిందే.

పేగు ఎలా తప్పించిందో గిరిజమ్మకే గుర్తులేదు. బయటికొచ్చిన బిడ్డ వీపు రుద్దుతూనే ఉందట. తర్వాత బిడ్డ ఏడ్చింది. జీపు వచ్చింది. అప్పుడు గానీ గిరిజమ్మ అత్తను చూడలేదు.

"నన్ను ముట్టకు. ముందు సునందను దవాఖానకు తోలు" అంది అత్త, మొహం నేల మీదే పెట్టుకుని.

జీపు వెళ్ళిపోయింది. పోగైన ఆడవాళ్ళు అత్తను కదిపితే ఏమవుతుందోనని ముట్టలేదు. ఒకామె దుప్పటి కప్పింది. ఎవరో తల కింద దిండు పెట్టారు. అత్త అలాగే పడి ఉంది. సాయంత్రం మామ బస్సు దిగి, విషయం తెలిసి పరుగెత్తుకొచ్చాడు. నలుగురు మగవాళ్ళు ఆమెను దుప్పట్లో ఎత్తి బల్ల మీదికి చేర్చారు.

మళ్ళీ తీసుకెళ్ళి చూపిస్తే, కుట్లు తెగలేదని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. అది అదృష్టమే. పాదంలో బలం మాత్రం తిరిగి రాలేదు. చలికాలానికి కర్ర పట్టుకుని, మోకాలు ఎత్తెత్తి వేస్తూ నడవగలిగింది. గొంతుక్కూర్చోవడం ఇక ఆమె వల్ల కాలేదు.

మరుసటేడు రాయికోడ్ వైపు నుంచి ఒకాయన కంగారుగా వచ్చాడు. అత్త వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది.

"అమ్మా, గీడ కాన్పులు జేసే గిరిజమ్మ ఇల్లు ఏది?"

అత్త కర్రతో పక్కిల్లు చూపించింది. "జల్ది పో. మంచిగ జేస్తది" అంది. ఆయన వెళ్ళాక లోపలికొచ్చి పడుకుంది. ఆ పూట ఎంత బతిమాలినా అన్నం ముట్టలేదని మామ చెప్పాడు.